ఒక గాదెకు ఒకే తాళపుచెవి

సంపాదించుట ఒక విద్య. దాచుకొనుట మరొక విద్య. మొదటిదానిని నేర్పు బడులు ఊరూరా గలవు. రెండవదానిని ఇంటి పెద్దలే నేర్పవలెను. వెనుకటి రోజులలో గాదెలో ధాన్యము పోయుటకు ముందు అడుగున ఇటుకలు పేర్చి, గోడలు అలికి, వేపాకు పరచి, ఆ తరువాతనే గింజ పోసెడివారు. కాగితముల పెట్టెలో కలరా ఉండలు వేసెడివారు. పురుగు, నిప్పు, నీరు అను మూడే ఆనాటి శత్రువులు. నేడు మన వ్రాతలు, చిత్రములు, పాటలు, ఇంటి పత్రములు కంప్యూటరు డిస్కులలోనికి చేరినవి. పాత శత్రువులు మూడును అట్లే ఉండగా నాలుగవది ఒకటి వచ్చి చేరినది. తెరపై కనిపించు ఒక ప్రశ్నకు తొందరపడి ఇచ్చు "సరే" అను సమాధానమే ఆ నాలుగవ శత్రువు.

ఇంటిలోని నిల్వ సర్వరు ఒకటే అయి, దానియందు రెండు ఆపరేటింగ్ సిస్టములను నడుపవలసి వచ్చినప్పుడు ఆ నాలుగవ శత్రువు బలము రెట్టింపగును. మా కుటుంబమునకు అట్టి అవసరము కలిగినది. కొన్ని ఏండ్లుగా ఆ పనిని నిరపాయముగా నడుపుకొనుచున్నాము. ఈ కళాశాలలో చదివినవారము కావున, మాకు తెలిసినంతవరకు ఆ విధానమును విద్యార్థి సోదరసోదరీమణుల ముందుంచుట మా విధి యని భావించుచున్నాము.

ముందుగా అవసరమేమో చెప్పవలెను. మా ఇల్లు కర్నూలు పాతబస్తీలో నదికి దగ్గరగా ఉన్నది. మా తండ్రిగారు ఉర్దూ కితాబత్ చేసెడివారు. కలముతో నస్తాలీఖ్ లిపిలో పెండ్లి పత్రికలు, ముషాయిరా ప్రకటనలు, పాఠశాలల సంచికలు వ్రాసెడివారు. కంప్యూటరు వచ్చిన తరువాత తీరిక వేళలలో ఆ పనినే కంప్యూటరుపై చేయ నేర్చిరి. మా పెద్దక్కగారు ప్రక్క బల్లపై తెలుగు కంపోజింగు చేసెడివారు. ఒకే గదిలో కుడినుండి ఎడమకు ఒక భాష, ఎడమనుండి కుడికి మరొక భాష సాగుచుండెను. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్రలు పొంగి ఊరిని ముంచినప్పుడు క్రింది గదిలోని కాగితములన్నియు పోయినవి. మా తండ్రిగారి చేవ్రాత గజళ్ళ పుస్తకము, పాత సంచికల కట్టలు, మా తల్లిగారి పెండ్లినాటి ఫొటోలు బురదలో కలిసినవి. మేడపైకి చేర్చగలిగిన ఒక కంప్యూటరు డిస్కు మాత్రము మిగిలినది. ఆ గజళ్ళలో ఎన్నింటినో ఆయన స్వయముగా దానిలో ఎక్కించి ఉండిరి. నేడు ఆయన లేరు. ఆ డిస్కులోని ఫైళ్ళే ఆయన చేతి పనికి మిగిలిన ఆనవాళ్ళు.

ఆ ఫైళ్ళను భద్రపరచుటకే మేము ఇంటిలో ఒక నిల్వ సర్వరును అమర్చుకొంటిమి. నిల్వ సర్వరనగా అదేమియో వింత యంత్రము కాదు. పాత కంప్యూటరు పెట్టెలో రెండు పెద్ద డిస్కులను ఉంచి, ఇంటిలోని ఫోనులు, టీవీ, ఇతర కంప్యూటర్లు అన్నియు అందులోని వస్తువులను చూడగలుగునట్లు నెట్‌వర్కుకు కలిపిన పెట్టె మాత్రమే. మా పెట్టెలో 4 టెరాబైట్ల డిస్కులు రెండు గలవు. ఒకదానిలో వ్రాసినదే రెండవదానిలోను వ్రాయబడును. అద్దములో ప్రతిబింబము వంటి అమరిక యగుటచే దీనిని మిర్రర్ అందురు. నడుపు వ్యవస్థ డెబియన్ లినక్స్. డిస్కులపై ఫైళ్ళను అమర్చు పద్ధతి జెడ్.ఎఫ్.ఎస్.

ఈ జెడ్.ఎఫ్.ఎస్. చరిత్ర తెలిసికొనదగినది. 2001లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ అనువారు దీని నిర్మాణమును ప్రారంభించిరి. 2005లో దీని మూలము అందరికిని తెరువబడినది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ వశమైన పిమ్మట, 2013లో ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. అను పేరుతో స్వతంత్ర నిర్మాతలు ఆ పనిని కొనసాగించిరి. దీని గొప్పతనము ఒక్క మాటలో చెప్పవచ్చును. ఇది వ్రాసిన ప్రతి ఖండమునకు ఒక లెక్క కట్టి వేరొక చోట పెట్టుకొనును. చదువునప్పుడు ఆ లెక్క సరిపడనిచో ఖండము చెడినదని గ్రహించి, మిర్రర్‌లోని రెండవ ప్రతినుండి తెచ్చి సరిచేయును. డిస్కు చడీచప్పుడు లేకుండ పాడగుట అను వ్యాధికి ఇది మంచి ఔషధము. నెలకొకసారి డిస్కులన్నింటిని మొదటినుండి చివరివరకు చదివించి లెక్క సరిచూచుకొనుట మా ఇంట నియమము. దీనిని స్క్రబ్ అందురు.

ఇంతవరకు ఒకే వ్యవస్థ. చిక్కు ఆ తరువాత వచ్చినది. మా తండ్రిగారి ఫైళ్ళు ఇన్‌పేజ్ అను కార్యక్రమములో చేసినవి. 1994లో వెలువడిన ఈ కార్యక్రమము విండోస్‌పై నడుచునది. మీర్జా అహ్మద్ జమీల్ గారి చేవ్రాత ఆధారముగా 1981లో రూపొందిన నూరీ నస్తాలీఖ్ లిపిని ఇంటింటి కంప్యూటరుకు చేర్చినది ఇదియే. అక్కగారి తెలుగు ఫైళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి. పేజ్‌మేకర్ 1985లో పుట్టి, 2001నాటి 7వ కూర్పుతో ఆగిపోయినది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరములు ఆంగ్లాక్షరముల స్థానములలో దాగి ఉండును. ఫాంటు లేనిచోట 'అమ్మ' అను మాట కూడ అర్థము లేని గీతల కుప్పగా కనిపించును. ఫైలు చెడకుండ దాచుట లినక్స్ చేతనగును గాని, దానిని తెరచి చదువుటకు విండోస్ కావలెను. దాచిన పెట్టె తెరువరానిదైనచో దాచుట యేల? కనుక ఆ పెట్టెలోనే విండోస్‌ను కూడ ఉంచవలెనని నిశ్చయించితిమి. మరొక కంప్యూటరు కొనుటకు అప్పుడు వీలు లేదు. పెట్టెలోని మెమరీ 8 గిగాబైట్లు మాత్రమే గనుక రెండు వ్యవస్థలను ఏకకాలమున నడుపుటయు కష్టము. ఒకటి ఆపి మరొకటి నడుపు పద్ధతియే అప్పటికి గతి. దీనినే డ్యూయల్ బూట్ అందురు.

ఒక దుకాణములోని కుర్రవాడు సలహా చెప్పినాడు. "ఒక పెద్ద డిస్కును రెండు ముక్కలు చేసి ఒక ముక్కలో విండోస్ వేసేద్దాం సార్, అరగంట పని" అన్నాడు. పని అరగంటదే కావచ్చును. కాని ఆ అరగంటలో 4 టెరాబైట్ల డిస్కు భాగముల పట్టిక మారవలెను. ఆ పట్టిక పోయినచో డిస్కు ఉన్నను అందులోని దారి తెలియదు. పట్టికల సంగతి కొంచెము చెప్పవలెను. పాత పద్ధతి పట్టిక 1983లో ఐ.బి.ఎం. కంప్యూటర్ల డాస్ 2.0తో వచ్చినది. దానిలో నాలుగు ముఖ్య భాగములకే చోటు. సాధారణముగా 2 టెరాబైట్లకు మించిన భాగమును అది గుర్తింపలేదు. నేటి పట్టిక జి.పి.టి.; అందు మామూలుగా 128 భాగములకు చోటు గలదు, పట్టిక నకలు డిస్కు చివర కూడ ఉండును. అయినను ఇల్లంతయు దాచుకొన్న డిస్కును ముక్కలు చేయుట, ధాన్యము నిండియున్న గాదెకు మధ్యగోడ కట్టుట వంటిది. మేము వలదంటిమి.

బదులుగా చిన్న ఎస్.ఎస్.డి.లు రెండు తీసికొంటిమి. ఒకదానిలో లినక్స్, రెండవదానిలో విండోస్. దాచిన సొత్తు ఉన్న పెద్ద డిస్కులు ఈ రెండింటికిని వేరు. ఇది మా మొదటి నియమము: వ్యవస్థ ఉండు డిస్కు వేరు, సొత్తు ఉండు డిస్కు వేరు. వ్యవస్థ చెడిపోయినచో మరల వేసికొనవచ్చును. అది అంగడిలో దొరకును. మా తండ్రిగారి గజలు ఏ అంగడిలోను దొరకదు.

విండోస్‌ను ఎక్కించు రోజున తక్కిన మూడు డిస్కుల తీగలను ఊడదీసి ప్రక్కకు పెట్టితిమి. ఇది అతి జాగ్రత్తయని కొందరు నవ్వవచ్చును. కారణము గలదు. నేటి కంప్యూటర్లలో యంత్రము లేవగానే చదువు ప్రారంభ కార్యక్రమములు డిస్కులో ఒక చిన్న ప్రత్యేక భాగమున ఉండును. విండోస్‌ను ఎక్కించునప్పుడు మరొక డిస్కులో అట్టి భాగము ముందే ఉన్నచో, తన ప్రారంభ ఫైళ్ళను అక్కడనే పెట్టుట కద్దు. అప్పుడు ఒకదాని తాళము మరొకదాని ఇంట ఉండిపోవును. ఒక డిస్కు చెడినచో రెండు వ్యవస్థలును లేవవు. తీగ ఊడదీసిన డిస్కును ఏ కార్యక్రమమును తాకలేదు. అంతకు మించిన కాపుదల లేదు. పని ముగిసిన పిమ్మట తీగలు కలిపి, ఏ వ్యవస్థ కావలెనో యంత్రము లేచునప్పటి పట్టికనుండియే ఎన్నుకొనునట్లు చేసితిమి. ఒకదాని లోపలినుండి రెండవదానిని లేపు ఏర్పాటు పెట్టుకొనలేదు.

వేరువేరు డిస్కులున్నను అన్ని చిక్కులు తీరునని మాత్రము అనుకొనరాదు. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా నవీకరణ ఒకటి, సెక్యూర్ బూట్ అను కాపుదల ఉన్న అనేక యంత్రములలో లినక్స్ లేవకుండ చేసినది. ఆ నవీకరణ పాతబడిన ప్రారంభ కార్యక్రమములను నిరాకరింపుమను గుర్తును యంత్రపు బోర్డులోని జ్ఞాపకములోనే వ్రాసినది. డిస్కులు వేరైనను బోర్డు ఒక్కటే కదా! అయితే అట్టి ఘటనలో దాచిన ఫైళ్ళకు హాని లేదు. సెక్యూర్ బూట్‌ను కొంతసేపు ఆపి, లినక్స్ ప్రారంభ కార్యక్రమమును నవీకరించి సరిచేసికొన్నవారు అనేకులు. భయపడి మరల అన్నియు ఎక్కింపబూనుటయే అట్టివేళ అసలు ప్రమాదము. లేవని యంత్రము చెడిన యంత్రము కాదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

ఇక విండోస్ నడుచుచుండగా సొత్తు డిస్కుల సంగతి. విండోస్‌కు జెడ్.ఎఫ్.ఎస్. స్వతహాగా తెలియదు. తనకు తెలియని అమరికను చూచినప్పుడు అది కొన్ని సందర్భములలో "ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయుదునా?" యని ఎంతో మర్యాదగా అడుగును. అడుగువాడు మంచివాడే, వానికి విషయము తెలియదు, అంతే. అందుచేత విండోస్‌లోని డిస్కుల నిర్వహణ తెరలో ఆ రెండు డిస్కులను ఆఫ్‌లైన్‌గా గుర్తించితిమి. అప్పటినుండి విండోస్ వానిని తాకదు. అంతటితో ఆగక, పెట్టెపై ఉర్దూలోను తెలుగులోను ఒక కాగితము అంటించితిమి. "ఫార్మాట్ చేయుదునా అని అడిగినచో వద్దనుము. పెద్దలను పిలువుము" అని దానిపై ఉన్నది.

ఆ కాగితము వృథా పోలేదు. ఒక సాయంకాలము మా అక్కగారి అమ్మాయి ఏదో తెలుగు ఫైలు కొరకు విండోస్‌లో పని చేయుచుండెను. లినక్స్ పద్ధతిలో సిద్ధపరచిన బయటి డిస్కు, ఆ వారము నకలు ఉన్నది, యంత్రమునకు కలిపియే ఉండెను. తెరపై ఆ ప్రశ్న రానే వచ్చినది. పన్నెండేండ్ల పిల్ల, చేయి మౌస్‌పై ఉన్నది. కాగితము చదివి, చేయి తీసి, "మామూ, ఇది ఏదో అడుగుతోంది, వద్దని నొక్కనా?" అని కేక వేసినది. తీగ ఊడదీసి, డిస్కును లినక్స్‌లో కలిపి చూడగా అన్నియు క్షేమము. ఆ పిల్లకు ఆ రాత్రి ఖుబానీ మీఠా దొరకినది. యంత్రమునకు ఎన్ని కాపుదలలు పెట్టినను, ఇంటిలోని చిన్నవారికి కూడ అర్థమగు భాషలో ఒక్క ముక్క వ్రాసి ఉంచుట వానికి తీసిపోదు.

రెండు వ్యవస్థల మధ్య ఫైళ్ళు ఇటునటు మారవలెను గదా! దానికి విండోస్ డిస్కులోనే ఒక చిన్న భాగమును వసారా వలె కేటాయించితిమి. వసారాలో అతిథి కూర్చుండును. లోపలి గదిలోనికి రాడు. లినక్స్ నడుచునప్పుడు కావలసిన ఫైలు నకలును వసారాలో పెట్టుదుము. విండోస్‌లో పని ముగిసిన తరువాత తిరిగి లోపలికి తెచ్చుకొందుము. అసలు ఫైలు గాదెను విడిచి రాదు. ఇది రెండవ నియమము: గాదె తాళపుచెవి ఒక్కరి చేతిలోనే ఉండవలెను. సొత్తు డిస్కులపై వ్రాయు అధికారము లినక్స్‌దే. విండోస్‌కు నకలు మాత్రమే.

ఈ వసారా విషయములో రెండు సూక్ష్మములు గలవు. 2012లో వచ్చిన విండోస్ 8 నుండి ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు ఉన్నది. దాని వలన 'ఆపుము' అన్నను విండోస్ పూర్తిగా ఆగదు. తన జ్ఞాపకములో కొంత డిస్కుపై వ్రాసి కునుకు తీయును. కునుకుతీయు వ్యవస్థ డిస్కు భాగమును మరొక వ్యవస్థ తెరచి వ్రాసినచో, అది లేచి పాత జ్ఞాపకముతో పని సాగించి అమరికను చెడగొట్టును. అందుచేత ఆ ఏర్పాటును తీసివేయవలెను; హైబర్నేట్ చేయుటయు మానవలెను. ఒకరు పూర్తిగా నిష్క్రమించిన తరువాతనే రెండవవారు ప్రవేశింపవలెను.

రెండవ సూక్ష్మము గడియారము. యంత్రములోని గడియారమును లినక్స్ సాధారణముగా ప్రపంచ ప్రమాణ కాలముగా చదువును. విండోస్ స్థానిక కాలముగా చదువును. మన దేశములో ఈ రెండింటికి 5 గంటల 30 నిమిషముల భేదము. వ్యవస్థ మార్చినప్పుడెల్ల కాలము ముందుకో వెనుకకో దూకుచుండును. ఏ ఫైలు క్రొత్తది, ఏది పాతది అని కాలమును బట్టి నిర్ణయించి నకలు తీయు కార్యక్రమములకు ఇది పెద్ద చిక్కు. పాత ప్రతి క్రొత్తదానిపై ఎక్కి కూర్చుండవచ్చును. విండోస్‌కే ప్రమాణ కాలమును పాటింపుమని అమరిక చేసి ఈ చిక్కును తొలగించితిమి.

ఇక కొందరి ఇండ్లలో రెండు వ్యవస్థలును జెడ్.ఎఫ్.ఎస్. తెలిసినవే ఉండును. 2005లో ఒలివియే కొషార్-లబే ప్రారంభించిన ఫ్రీనాస్ అను నిల్వ వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీపై నిర్మింపబడినది. అదియే తరువాత ట్రూనాస్ అయినది. 2022లో డెబియన్ లినక్స్‌పై నిర్మించిన స్కేల్ అను రూపము వెలువడినది. పాతదానిని ఉంచుకొని క్రొత్తదానిని పరీక్షింపవలెనను కోరిక సహజము. అప్పుడు ప్రమాదము వేరు రూపము దాల్చును. రెండింటికిని గాదె తలుపు తీయుట తెలియును గనుక, తాళపుచెవి చేతులు మారు పద్ధతిని పాటింపవలెను. ఒక వ్యవస్థను ఆపుటకు ముందు డిస్కుల సమూహమును ఎక్స్‌పోర్ట్ చేయవలెను. ఇల్లు ఖాళీ చేయువాడు తాళము అప్పగించుట వంటిదది. అట్లు చేయనిచో రెండవ వ్యవస్థ "ఇది మరొక యంత్రము వాడుకలో ఉండినది" యని తెరచుటకు నిరాకరించును. బలవంతముగా తెరచు ఉపాయము గలదు గాని, మొదటిది నిజముగా ఆగినదని తెలిసిననే దానిని వాడవలెను. మొదటిసారి చదువుటకు మాత్రమే తెరచి చూచుట ఉత్తమము.

మరి రెండు మాటలు. క్రొత్త వ్యవస్థ "మీ సమూహమును క్రొత్త సౌకర్యములకు పెంచుదునా" యని సూచించినచో వెంటనే ఒప్పుకొనరాదు. పెంచిన తరువాత పాత వ్యవస్థ దానిని తెరువలేకపోవచ్చును. వెనుకకు తగ్గించు మార్గము లేదు. ఏ సౌకర్యములవరకు అనుమతింపవలెనో ముందే నిర్ణయించు ఏర్పాటు 2021నాటి ఓపెన్ జెడ్.ఎఫ్.ఎస్. 2.1తో వచ్చినది. అట్లే డెబియన్‌లో మొదటి వాడుకరి సంఖ్య 1000. ఫ్రీబీఎస్‌డీలో మామూలుగా 1001. ఫైలు యజమానిని ఈ వ్యవస్థలు పేరుతో కాక సంఖ్యతో గుర్తించును. సంఖ్యలు కలుపనిచో ఒక వ్యవస్థలో మన ఫైలు రెండవదానిలో పరాయివారి ఫైలుగా కనిపించును.

ఇంత జాగ్రత్త తీసికొన్నను డ్యూయల్ బూట్‌లో సహజమైన లోపమొకటి ఉండనే ఉన్నది. విండోస్ నడుచునంతసేపు గాదె మూతపడియే ఉండును. మా తల్లిగారు సాయంత్రము టీవీలో మనుమల చిత్రములు చూడగోరిన వేళకే పైన ఒకరు ఇన్‌పేజ్‌లో కూర్చుందురు. "మీ నాన్నది కలం పెడితే దీపం ఆరేది కాదే" అని ఆమె నిష్ఠూరమాడెడివారు. ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. కొంత సొమ్ము కూడబెట్టి మెమరీని 32 గిగాబైట్లకు పెంచితిమి. ఆ తరువాత విండోస్‌ను లినక్స్ లోపలనే ఒక కల్పిత యంత్రములో ఉంచితిమి. 2007నుండి లినక్స్ గర్భములోనే ఉన్న కె.వి.ఎం. అను ఏర్పాటు దీనికి ఆధారము.

ఇప్పుడు విండోస్ అనగా గాదెలోని ఒక పెద్ద ఫైలు మాత్రమే. తనకొక డిస్కు ఉన్నదని అది భ్రమపడును. నిజమైన డిస్కులు దానికి కనిపింపవు. వసారా పని ఇప్పుడు సాంబా చేయుచున్నది. ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో ప్రారంభించిన ఈ కార్యక్రమము, లినక్స్ ఫైళ్ళను విండోస్‌కు దాని భాషలోనే చూపు దుబాసీ వంటిది. మేము చూపిన ఒక్క ఫోల్డరు తప్ప విండోస్ మరేమియు చూడలేదు. విండోస్ 10కు సామాన్య భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి గనుక, పాత కార్యక్రముల కొరకు ఉంచుకొన్న ఈ అతిథికి అంతర్జాలము ఇవ్వలేదు. 2017 మే నెలలో వాన్నక్రై అను దుష్ట కార్యక్రమము నెట్‌వర్కు మార్గమున ఎన్ని దేశములలో ఫైళ్ళకు తాళము వేసినదో లోకమునకు తెలిసినదే. ఆ ఫోల్డరునకు ప్రతి గంటకు స్నాప్‌షాట్ తీయు ఏర్పాటు గలదు. అతిథి దానిలో ఏమి చెడగొట్టినను గంట వెనుకటి రూపము దొరకును. ఒక్క హెచ్చరిక: సొత్తు ఉన్న నిజమైన డిస్కును కల్పిత యంత్రమునకు అప్పగించి, అదే సమయమున వెలుపలి వ్యవస్థలోను తెరచి ఉంచుట ఎన్నడును చేయరాదు. ఇద్దరు లేఖకులు ఒకరినొకరు చూడక ఒకే కాగితముపై వ్రాసినట్లగును.

ఇన్ని చెప్పిన తరువాత మూడవ నియమము చెప్పవలెను. మొదటి రెండు నియమములు పాటించినను ఇది లేనిచో ఫలము శూన్యము. మిర్రర్ నకలు కాదు. పొరపాటున తుడిచిన ఫైలు రెండు డిస్కులలోను ఒకే క్షణమున పోవును. వరద రెండు డిస్కులను కలిపియే ముంచును. పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు ప్రచారములోనికి తెచ్చిన సూత్రమొకటి గలదు: ప్రతులు మూడు, రెండు విధముల సాధనములపై, అందొకటి ఇంటికి వెలుపల. మా మూడవ ప్రతి హైదరాబాదులో చిన్నక్కగారి ఇంట నాలుగవ అంతస్తులో ఉన్నది. మూడు నెలలకొకసారి అది వచ్చి, నిండి, తిరిగి పోవును. అది వచ్చినప్పుడెల్ల ఒక ఉర్దూ ఫైలు, ఒక తెలుగు ఫైలు, ఒక చిత్రము తెరచి చూచుట ఆచారము. తెరచి చూడని నకలు నకలు కాదు, ఆశ మాత్రమే.

వ్యవస్థను మార్చు ప్రతి పనికి ముందు, అది ఐదు నిమిషముల పనియైనను, ఆ మూడవ ప్రతి తాజాగా ఉన్నదా అని చూచుకొందుము. లేనిచో ఆ పని ఆ వారమునకు వాయిదా.

ఇప్పుడు మా ఇంట మరొక పని సాగుచున్నది. 1991నాటి మొదటి యూనికోడ్ కూర్పులోనే తెలుగు లిపియు, ఉర్దూకు ఆధారమైన అరబ్బీ లిపియు చోటు చేసికొన్నవి. ఆ ప్రమాణములో వ్రాసిన మాట ఏ వ్యవస్థలోనైనను మాటగానే తెరచుకొనును. మా తండ్రిగారి ఫైళ్ళను ఒక్కొక్కటిగా ఇన్‌పేజ్‌లో తెరచి యూనికోడ్‌లోనికి మార్చుచున్నాము. అక్కగారు తన పాత తెలుగు పుటలను అట్లే మార్చుచు, అక్షరము అక్షరము సరిచూచుచున్నారు. మార్పులో ఒత్తులు, నుక్తాలు జారిపోవును గనుక ఈ పని యంత్రమునకే విడుచుటకు వీలు లేదు. కుడినుండి ఒకరు, ఎడమనుండి ఒకరు మరల ఒకే గదిలో కూర్చున్నారు. పని పూర్తియైన నాడు విండోస్‌కు మా ఇంట అవసరము తగ్గును. అంతవరకు అది గౌరవముగల అతిథి.

విద్యార్థులారా! మీరు చేత పట్టుకొన్న ఈ సంచిక ఒక వైపునుండి ఉర్దూగాను, మరొక వైపునుండి తెలుగుగాను తెరచుకొనును. కుట్టు ఒకటే, పుటలు ఎవరివి వారివే. రెండు వ్యవస్థలను ఒకే పెట్టెలో ఉంచుటకు కావలసినదంతయు ఇంతమాత్రమే. మీ ఇండ్లలో ఇట్టి పెట్టె ఉన్నను లేకున్నను, పాత కంప్యూటరులోనో పెన్‌డ్రైవులోనో పెద్దల వ్రాతలు ఉండి తీరును. ఈ సెలవులలో వానిని తెరచి చూచి, రెండవ ప్రతి తీయుడు. కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. వెనుకటి వార్షిక సంచికల ఫైళ్ళు ముద్రణాలయములలోను, పాత సంపాదకుల ఇండ్లలోను చెల్లాచెదరుగా ఉండి ఉండును. వానిని సేకరించి మూడు ప్రతులు చేసి, ఒక ప్రతిని ఊరికి వెలుపల ఉంచుటకు ఏర్పాటు చేయుడు. ఆ పనికి మనుషులు కావలసినచో ఆదివారములలో వచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నాము.